"ఇన్ లైన్ విత్" అంటే ఏంటి? ఏ లైన్‌తో? ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

హన్మకొండ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశాను. ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఇంగ్లిష్ మాట పట్టుకుందాం: "ఇన్ లైన్ విత్". మూడు చిన్న ముక్కలే. ఆఫర్ లెటర్‌లో ఉంటుంది, కాలేజీ సర్క్యులర్‌లో ఉంటుంది, ఇంగ్లిష్ పేపర్‌లో రోజూ ఉంటుంది. చదివినప్పుడు అర్థమైనట్టే ఉంటుంది. మనం సొంతంగా ఒక వాక్యం రాయాల్సి వస్తే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. అర్థమైందనుకుని "ఓకే" అనేస్తాం. నేను అలాగే అన్నాను, ఆ కథ కాసేపట్లో చెప్తా.

ముందు క్రికెట్‌తో మొదలుపెడదాం

మ్యాచ్ చూస్తున్నారు. ఎల్‌బీడబ్ల్యూ అప్పీల్. అంపైర్ నాటౌట్ అన్నాడు, కెప్టెన్ రివ్యూ తీసుకున్నాడు. స్క్రీన్ మీద మూడు డబ్బాలు వస్తాయి గుర్తుందా? పిచింగ్: ఇన్ లైన్. ఇంపాక్ట్: ఇన్ లైన్. వికెట్స్: హిట్టింగ్. బ్యాట్స్‌మన్ తల దించుకుని నడుస్తాడు.

ఇక్కడ "ఇన్ లైన్" అంటే ఏంటి? ఈ చివర స్టంప్స్ నుంచి ఆ చివర స్టంప్స్ వరకు పిచ్ మీద ఒక పట్టీ పరిచినట్టు ఊహించుకోండి. బంతి ఆ పట్టీలో పడితే ఇన్ లైన్. బయట పడితే అవుట్‌సైడ్ ఆఫ్, లేదంటే అవుట్‌సైడ్ లెగ్.

ఒక్క విషయం గమనించండి. బంతి తనంతట తాను ఇన్ లైన్ అవ్వదు. ముందే ఒక పట్టీ ఉంది. ఆ పట్టీతో పోల్చి చూసి చెప్తున్నాం. పట్టీ లేకపోతే ఇన్ లైన్ అనే మాటకే అర్థం లేదు. ఈ రోజు పాఠం మొత్తం ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

"ఇన్ లైన్ విత్" అన్నప్పుడు ఆ "విత్" తర్వాత వచ్చేదే మన పట్టీ. "హిజ్ వర్క్ ఈజ్ ఇన్ లైన్ విత్ ద ప్లాన్." పట్టీ ఏది? ప్లాన్. పని ఆ ప్లాన్‌కు తగ్గట్టు నడుస్తోంది. తెలుగులో దీనికి మనకు మంచి మాటలే ఉన్నాయి: తగ్గట్టు, అనుగుణంగా, ప్రకారం. మా వరంగల్ పక్క అయితే "దానికి తగ్గట్టే ఉంది" అంటాం, సరిపోతుంది.

నా మొదటి ఆఫర్ మెయిల్

ఇప్పుడు నా కథ. డిగ్రీ అయిపోయింది. రెండు మూడు ఇంటర్వ్యూలు పోయాయి. ఒక రోజు మధ్యాహ్నం ఫోన్‌కు మెయిల్ వచ్చింది, సెలెక్ట్ అయ్యానని. అందులో ఒక లైన్: "యువర్ సాలరీ విల్ బి ఇన్ లైన్ విత్ ఇండస్ట్రీ స్టాండర్డ్స్."

ఎగిరి గంతేశాను. అమ్మ వంటింట్లో ఉంది. మెయిల్ మొత్తం గట్టిగా చదివి వినిపించాను. అమ్మ అడిగిన మాట ఒక్కటే.

"ఎంతిస్తరట బిడ్డా?"

"మంచిగనే ఇస్తరమ్మా. ఇండస్ట్రీ స్టాండర్డ్ అట."

"గదే, ఎంత?"

"నీకు తెల్వదులే అమ్మా."

హైదరాబాద్ పోయాను. హాస్టల్‌కు అడ్వాన్స్ కట్టాను. అది నాన్న అప్పు తెచ్చి ఇచ్చిన డబ్బు. మొదటి నెల జీతం అకౌంట్‌లో పడింది. హాస్టల్ ఫీజు, బస్ పాస్, తిండి పోను ఇంటికి పంపడానికి ఏమీ మిగల్లేదు. వెళ్లి అడిగితే ఒక్కటే సమాధానం: "మెయిల్‌లో చెప్పాం కదా."

నిజమే, చెప్పారు. వాళ్లు అబద్ధం ఆడలేదు. కాని ఏ ఇండస్ట్రీ? ఏ ఊరి స్టాండర్డ్? ఫ్రెషర్‌కా, మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లకా? ఆ పట్టీ ఎక్కడుందో వాళ్లు చూపించలేదు, నేను అడగలేదు. "ఇన్ లైన్ విత్" అనగానే "మంచి" అని అనువాదం చేసేసుకున్నాను. ఆ మాటకు "మంచి" అనే అర్థం లేదు. ఏదో ఒకదానితో సరిపోలుతుంది అని మాత్రమే అర్థం. ఆ ఏదో ఒకటి తక్కువైతే ఇది కూడా తక్కువే.

ఇంట్లో ఇంగ్లిష్ రానిది అమ్మకు. అడగాల్సిన ప్రశ్న అడిగింది కూడా అమ్మే.

గీత చూపించే వాక్యం, చూపించని వాక్యం

ఇప్పుడు రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఒకటి: "డియర్‌నెస్ అలవెన్స్ ఈజ్ రివైజ్డ్ ఇన్ లైన్ విత్ ద కన్‌స్యూమర్ ప్రైస్ ఇండెక్స్." ఇది డీఏ గురించి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల డీఏను ఏడాదికి రెండుసార్లు, జనవరి 1 నుంచి, జులై 1 నుంచి లెక్కవేస్తారు. పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ అని ఒకటుంటుంది, దాన్ని బట్టి. ఆ సూచీ అంకె బయటికి విడుదలవుతుంది, ఎవరైనా చూసుకోవచ్చు. అంటే పట్టీ కళ్ల ముందే ఉంది.

రెండు: "ఫీజ్ విల్ బి ఇంక్రీజ్డ్ ఇన్ లైన్ విత్ కరెంట్ ట్రెండ్స్." ఏ ట్రెండ్స్? ఎవరు కొలిచారు? పట్టీ లేదు. వినడానికి మాత్రం రెండు వాక్యాలూ ఒకేలా గంభీరంగా ఉన్నాయి.

కాబట్టి ఈ మాట ఎక్కడ కనబడినా "విత్ వాట్?" అని అడగండి. మెయిల్‌లో మర్యాదగా అడగడానికి రెండు వాక్యాలు రాసుకోండి.

"కుడ్ యూ ప్లీజ్ షేర్ ద ఎగ్జాక్ట్ ఫిగర్?"

"ఈజ్ దిస్ ద సీటీసీ ఆర్ ద ఇన్ హ్యాండ్ సాలరీ?"

సీటీసీ అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా లాంటివి కూడా కలిపి చూపిస్తారు. ఇన్ హ్యాండ్ అంటే నెలాఖరుకు మీ ఖాతాలో పడేది. ఈ రెండూ ఒకటి కాదు. అడిగితే ఉద్యోగం పోతుందేమో అని భయపడకండి. ఇది రోజూ అడిగే ప్రశ్నే.

"ఆన్ పార్ విత్" అంటే వేరే

చాలామంది ఇక్కడ కన్ఫ్యూజ్ అవుతారు. "ఇన్ లైన్ విత్", "ఆన్ పార్ విత్", రెండూ పోలికే కదా అని ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తారు. తేడా ఉంది.

"పార్" అనేది లాటిన్ నుంచి వచ్చిన మాట, సమానం అని అర్థం. మనకు దీనికి ఇంట్లోనే బ్రహ్మాండమైన మాటుంది: బరాబర్. ఉర్దూ నుంచి వచ్చి మన తెలంగాణ తెలుగులో కలిసిపోయింది. "ఇద్దరూ బరాబర్ ఉన్నరు" అంటాం చూడండి, అదే "ఆన్ పార్". "ఆన్ ఎ పార్ విత్" అని మధ్యలో "ఎ" పెట్టినా కరెక్టే. అమ్మ దగ్గరో నాన్న దగ్గరో చెక్ బుక్ ఉంటే తీసి చూడండి. "పేయబుల్ ఎట్ పార్ ఎట్ ఆల్ బ్రాంచెస్" అని రాసి ఉంటుంది చాలావాటి మీద. అంటే ఆ బ్యాంకు ఏ బ్రాంచిలో ఇచ్చినా అదే విలువ, కోత లేకుండా.

తేడా పట్టుకోవడానికి మన కొత్తవాడకు పోదాం. వరంగల్ దర్రీలు, అదే జంపఖానాలు, నేసే చోటు. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఒక నేతన్న డిజైన్ కాగితం ముందు పెట్టుకుని దర్రీ నేశాడు అనుకోండి. కాగితంలో ఎక్కడ ఎరుపుందో దర్రీలో అక్కడ ఎరుపే ఉంది, గీత తప్పలేదు. అప్పుడు: "ద దర్రీ ఈజ్ ఇన్ లైన్ విత్ ద డిజైన్." డిజైన్‌కు తగ్గట్టు ఉంది.

ఆయన కొడుకు ఇప్పుడిప్పుడే పని నేర్చుకుని సొంతంగా ఇంకో దర్రీ నేశాడు. డిజైన్ వేరు, రంగులు వేరు. కాని నాణ్యత చూస్తే నాన్న నేసినంత బాగుంది. అప్పుడు: "హిజ్ దర్రీ ఈజ్ ఆన్ పార్ విత్ హిజ్ ఫాదర్స్." బరాబర్ ఉంది.

చూశారా? మొదటిదాంట్లో ఒకదాన్ని చూసి ఇంకోటి నడుచుకుంది. రెండోదాంట్లో రెండింటినీ తూకం వేశాం, స్థాయి సమానంగా తేలింది. తగ్గట్టు అనాల్సిన చోట ఇన్ లైన్ విత్, బరాబర్ అనాల్సిన చోట ఆన్ పార్ విత్. అంతే.

ఈ రెండో మాట వెనకాల కూడా బతుకులున్నాయి. 2016 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, పంజాబ్ రాష్ట్రానికి, జగ్జీత్ సింగ్‌కు మధ్య నడిచిన కేసు. రెగ్యులర్ ఉద్యోగులు చేసే పనే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగులకు ఆ పోస్టు స్కేలులోని కనీస వేతనం దక్కాలని చెప్పింది. సమాన పనికి సమాన వేతనం అనే సూత్రం. ఇలాంటి వార్తల్లో "పే ఆన్ పార్ విత్ రెగ్యులర్ ఎంప్లాయీస్" అని చదువుతాం. అక్కడ "ఇన్ లైన్ విత్" అని రాస్తే బలం తగ్గిపోతుంది. తగ్గట్టు ఇవ్వడం వేరు, బరాబర్ ఇవ్వడం వేరు.

"ప్రకారం" అనే మాటతో జాగ్రత్త

మన తెలుగు వాళ్లు చేసే ముఖ్యమైన పొరపాటు ఇది. తెలుగులో "ప్రకారం" ఒక్కటే మాట, పనులు మాత్రం రెండు.

"రూల్స్ ప్రకారం నడుచుకున్నాడు." ఇక్కడ "ఇన్ లైన్ విత్ ద రూల్స్" అనొచ్చు.

"వాతావరణ శాఖ ప్రకారం రేపు వాన పడుతుంది." ఇక్కడ అనకూడదు. ఎందుకంటే వాన వాతావరణ శాఖకు తగ్గట్టు నడుచుకోదు కదా! ఆ సమాచారం ఎవరు చెప్పారో చెప్తున్నాం. దీనికి "అకార్డింగ్ టు" వాడాలి.

అలాగే "లెక్క". "వాడు వాళ్ల నాయిన లెక్కనే నడుస్తడు." దీన్ని "ఇన్ లైన్ విత్ హిజ్ ఫాదర్" అంటే వాళ్ల నాన్న పక్కన వరుసలో నడుస్తున్నాడేమో అనుకుంటారు. ఇది మామూలు పోలిక, "లైక్" చాలు: "హి వాక్స్ లైక్ హిజ్ ఫాదర్."

లైన్ ఒకటే, ముందు వెనక మాటలు మారితే అర్థం మారుతుంది

గబగబా చెప్తా, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

"ఇన్ లైన్ ఫర్": దక్కే అవకాశం ఉంది అని. "షి ఈజ్ ఇన్ లైన్ ఫర్ ఎ ప్రమోషన్." ప్రమోషన్ వరుసలో ఆమె ఉంది.

"ఆన్ ద లైన్": ప్రమాదంలో ఉంది అని. "మై జాబ్ ఈజ్ ఆన్ ద లైన్." ఉద్యోగం పోయేలా ఉంది. మేనేజర్‌కు మెసేజ్ పెట్టేటప్పుడు "ఇన్" బదులు "ఆన్ ద" పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

"అవుట్ ఆఫ్ లైన్ విత్": సరిపోలడం లేదు అని. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయిన రైతు సరుకు మంచిగున్నా ధర సరిగ్గా రాలేదంటే: "ద ప్రైస్ ఈజ్ అవుట్ ఆఫ్ లైన్ విత్ ద క్వాలిటీ." సరుకుకు తగ్గ ధర కాదు.

"అవుట్ ఆఫ్ లైన్", తర్వాత "విత్" లేకుండా: ఇది హద్దు దాటడం. "యువర్ జోక్ వాజ్ అవుట్ ఆఫ్ లైన్." మనం కూడా "గీత దాటినవ్" అంటాం కదా, అదే.

"ఫాల్ ఇన్ లైన్": దారికి రావడం. ముందు మొండికేసి తర్వాత అందరితో కలిసినవాళ్ల గురించి.

"టో ద లైన్": గీత దాటకుండా, చెప్పినట్టు వినడం. స్కూల్ రన్నింగ్ రేస్‌లో సున్నంతో గీసిన గీత మీద కాలి వేళ్లు పెట్టి నిలబడతాం చూడండి, ఆ బొమ్మే ఇది. స్పెల్లింగ్ జాగ్రత్త. ఇక్కడి టో కాలి వేలు: టీ, ఓ, ఈ. చాలామంది టీ, ఓ, డబ్ల్యూ రాస్తారు. అది బండిని తాడు కట్టి లాగడం.

"ఫాలో సూట్": పక్కవాడు చేసిందే మనమూ చేయడం. ఇందులో సూట్ అంటే వేసుకునే కోటు కాదు, పేకాటలో సూట్. ఇస్పేటు, కళావరు, డైమండు, ఆఠీను. కొన్ని ఆటల్లో మొదటివాడు ఇస్పేటు దించితే, మీ చేతిలో ఇస్పేటు ఉంటే మీరూ అదే దించాలి. ఒక కంపెనీ రీచార్జ్ ధర పెంచితే ఇంకో కంపెనీ కూడా పెంచింది అనుకోండి: "ద అదర్ కంపెనీ ఫాలోడ్ సూట్."

ఇంకో చిన్న మాట. తెలుగులో "లైన్ వేయడం" అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్‌లో "ఇన్ లైన్ విత్"కు దానికి ఏ సంబంధం లేదు. ధైర్యంగా వాడండి.

రాసేటప్పుడు "ఇన్", "లైన్" మధ్య ఖాళీ వదలాలి. రెండూ కలిపి ఒకే మాటగా రాస్తే అది వేరే, కంప్యూటర్ వాళ్లు, ఇంజినీరింగ్ వాళ్లు వాడే పదం. పలికేటప్పుడు మాత్రం మూడూ కలిసిపోతాయి: "ఇన్‌లైన్‌విత్".

మరి మన భాష ఏ గీతతో కొలవాలి?

చివరగా ఒక మాట చెప్పాలి. నేను కోచింగ్‌కు పోయిన కొత్తలో "గట్ల కాదు సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత నెల రోజులు నోరు తెరవలేదు. ఇంగ్లిష్ రాదని కాదు, తెలుగే తప్పుగా మాట్లాడుతున్నానేమో అని.

మన వరంగల్‌లో కాళోజీ నారాయణరావు గారి పేరు తెలియనివాళ్లు ఉండరు. ఇక్కడి హెల్త్ యూనివర్సిటీకి కూడా ఆయన పేరే. 1914 సెప్టెంబర్ 9న పుట్టారు. జనం నోట్లో నలిగే భాషకు విలువ ఇవ్వాలని జీవితమంతా కొట్లాడారు. 1992లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆయన పుట్టిన రోజునే తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన అడిగింది కూడా, ఆలోచిస్తే, ఈ రోజు మన ప్రశ్నే. మీ మాట సరిగ్గా లేదు అంటున్నారు సరే, ఏ గీతతో కొలిచి అంటున్నారు? ఆ గీత ఎవరు గీశారు?

ఇంగ్లిష్ నేర్చుకోవడం అంటే "టో ద లైన్" కాదు. ఎవరి ముందో గీత మీద వేళ్లు పెట్టి నిలబడటానికి కాదు మనం నేర్చుకునేది. మెయిల్ వస్తే అందులో ఏముందో, ఏం లేదో తెలుసుకోవడానికి. "లెక్క", "బరాబర్" అనే మాటలు ఇంట్లో వాడండి, "ఆన్ పార్ విత్" ఆఫీసులో వాడండి. ఒకటి వస్తే ఇంకోటి పోవాలని రూలేం లేదు.

ఇప్పుడు ఒక చిన్న టెస్ట్

పాజ్ చేసి ఆలోచించి, తర్వాత జవాబు వినండి.

ఒకటి: "మా కాలేజీ ల్యాబ్ పెద్ద పెద్ద కాలేజీల ల్యాబ్‌లకు బరాబర్ ఉంది." జవాబు: ఆన్ పార్ విత్.

రెండు: "డాక్టర్ ప్రకారం నాన్నకు రెస్ట్ కావాలి." జవాబు: అకార్డింగ్ టు.

మూడు: "యూనివర్సిటీ గైడ్‌లైన్స్‌కు తగ్గట్టు ప్రాజెక్ట్ రిపోర్ట్ మార్చాం." జవాబు: ఇన్ లైన్ విత్.

నాలుగు: "అక్క టీమ్ లీడర్ అయ్యే వరుసలో ఉంది." జవాబు: ఇన్ లైన్ ఫర్.

నాలుగూ కరెక్ట్ అయితే శభాష్. రెండు తప్పినా ఫర్వాలేదు, వెనక్కి జరిపి ఇంకోసారి వినండి.

హోంవర్క్: మీ ఫోన్‌లో మెయిల్ బాక్స్ తెరిచి "ఇన్ లైన్ విత్" అని ఇంగ్లిష్‌లో వెతకండి. ఏదో ఒకటి దొరుకుతుంది. "విత్" తర్వాత ఏముందో చూడండి. అది అంకెనా, రూలా, ఎవరైనా చూసుకోగలిగేదా? లేక ఊరికే గాలి మాటా? గాలి మాట అయితే ఈ రోజే ఒక లైన్ రిప్లై పెట్టండి. వాక్యం పైన ఇచ్చాను. మెయిల్‌లో ఇంగ్లిష్‌లోనే అడగండి. ఇంట్లో మాత్రం మా అమ్మ లెక్క అడిగితే సరిపోతుంది: "గదే, ఎంత?"

వచ్చే ఎపిసోడ్‌లో "యాజ్ పర్" గురించి మాట్లాడుకుందాం, దాని ఆగడాలు కూడా తక్కువేం కాదు. అప్పటిదాకా ఉంటా మరి. నమస్తే.